పచ్చ కార్డు, ఎర్ర కండువా

వోలోస్,
ఉపవాసాల మొదటి సోమవారం

సరాండిస్‌కు,

నీ గొంతు నా ఇంట్లో వినపడకూడదని రెండేళ్ళ కిందట నేనే అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అందుకే ఫోను చెయ్యకుండా ఈ కాగితాన్ని నారింజ తొక్కల పాకం డబ్బా కింద పెట్టి బస్సులో పంపుతున్నాను. పాకం చూసి అక్క కోపం తగ్గిందనుకోకు. అమ్మ పోయేముందు "వాడికి తిండి పంపడం మానకే" అంది కాబట్టి పంపుతున్నాను, నీ మొహం చూసి కాదు.

విషయం మిర్సినిది. నువ్వు దానికి మేనమామవి, పైగా జ్ఞానస్నానం రోజున చేతుల్లోకి తీసుకున్న జ్ఞానతండ్రివి. కాదనుకుందామన్నా కుదరదు. పిల్ల చదువైపోయి ఏడాది దాటింది, ఇంకా రేవు పక్కన సారా కొట్లో గ్లాసులు మోస్తోంది. ఇప్పుడు థెస్సలోనికీలో భవనాల నమూనాలు గీసే ఒక ఆఫీసు వాళ్ళు దానికి పరీక్ష పెట్టారు. పాత పొగాకు గోదాము ఒకటి మ్యూజియం కాబోతోందట. అది పూర్తయ్యాక లోపల నడుస్తుంటే ఎలా ఉంటుందో కంప్యూటర్లో చిన్న సినిమాగా తీసి మే నెలాఖరులోగా పంపాలి. నచ్చితే ఉద్యోగం ఇస్తారు. వాళ్ళ నాన్న వాడిన కంప్యూటరు ఒక్క బొమ్మ తేల్చడానికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా గురకపెడుతుంది. సినిమాకి అలాంటి బొమ్మలు వేలల్లో కావాలి. గ్రాఫిక్స్ కార్డు కొత్తది వేస్తే తప్ప అయ్యే పని కాదు.

సగం డబ్బు నా దగ్గర ఉంది. ప్రతి ఈస్టర్‌కీ జ్ఞానతండ్రి పంపాల్సిన కొవ్వొత్తికి నువ్వు బూట్లో గౌనో కట్టి పంపుతావు. దానికి ఇరవై మూడేళ్ళు, ఇంకా గౌన్లేమిటి? ఈసారి ఆ సొమ్ముకి ఇంకాస్త కలిపి మిగతా సగం నువ్వు వెయ్యి. మీ వైపు ధరలు తక్కువ కాబట్టి కొనేది కూడా నువ్వే. మొత్తం మూడు వందల యూరోలు. అంతకు ఒక్క సెంటు కూడా పైకి పోలేం.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. పచ్చ డబ్బాలో వచ్చే కంపెనీ కార్డే కొనాలి. ఎర్ర డబ్బా కంపెనీది నా గడప తొక్కకూడదు. ఎర్రరంగు ఈ ఇంటికి చేసింది చాలు.

పొలిక్సెని


పెరమా,
మార్చి మధ్యలో

అక్కకు,

పాకం అందింది. పళ్ళకి అంటుకుపోతోంది. కోపంతో కలిపినట్టున్నావు, లేకపోతే నీ చేతి పాకం ఇంత గట్టిగా రాదు.

రెండేళ్ళకి ఒక ఉత్తరం రాసి అందులోనూ పెత్తనమేనా? సగం డబ్బు నాది, కొట్ల చుట్టూ తిరిగే కాళ్ళు నావి, రంగు మాత్రం నువ్వు చెప్పిందా?

నేను ఓడల్లో కరెంటు పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి. పెట్టిన డబ్బుకి ఎంత సరుకు వస్తుందో చూసుకోకుండా మేకు కూడా కొనను. రెండు శనివారాలు తిరిగి కనుక్కున్నాను. ఆ మూడు వందలకి ఎర్ర కంపెనీ కార్డులో వచ్చే మెమరీ పచ్చదానికి రెట్టింపు. పచ్చవాళ్ళు పేరు చెప్పుకుని అమ్ముకుంటారు. పోనీ వాడినది తీసుకుందామంటే కంప్యూటర్లలో డిజిటల్ నాణేలు తవ్వేవాళ్ళు ఆ కార్డుల్ని ఏడాది పొడుగునా ఆపకుండా మాడ్చి, తుడిచి, కొత్తదానిలాగా అమ్మేస్తున్నారు. అది నేను ముట్టను. కాబట్టి కొత్తది, ఎర్రది.

ఇంకో కారణం కూడా దాచను. నేను పిరేయస్‌లో పుట్టినవాణ్ణి. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు ఒలింపియాకోస్ ఎరుపు తప్ప ఒంటిమీద ఇంకో రంగు పడనివ్వలేదు. నువ్వూ అక్కడే పుట్టావు, మాకు పడని పచ్చజట్టు పనథినైకోస్ వాణ్ణి కట్టుకుని మూడో వారానికే పచ్చగా మారిపోయావు. అది నీ ఇష్టం. నేను కట్టే కొవ్వొత్తికి పచ్చ డబ్బా వేలాడితే మాత్రం షిప్‌యార్డులో మళ్ళీ తలెత్తుకోలేను. బావ ఉంటే ఈ మాటకి పగలబడి నవ్వేవాడు.

ఎర్రరంగు మీ ఇంటికి ఏం చేసిందో నువ్వు ఎత్తిపొడవకు. దాని గురించి నేను మాట్లాడను.

డబ్బా ఖాళీగా పంపకూడదు కాబట్టి ఉప్పు చేపలు పెట్టాను. ఉపవాసంలో తినకూడదని నాకు తెలుసు. ఈస్టర్ దాకా చూస్తూ కూర్చో.

సరాండిస్


వోలోస్,
మార్చి ఇరవై ఆరు

సరాండిస్‌కు,

నిన్న మరియమ్మ పండగ, ఉపవాసంలోనూ ఆరోజు చేప తినొచ్చు, కాబట్టి నీ ఎత్తు పారలేదు. తిన్నాం. ఉప్పు తప్ప అందులో చేపేమీ లేదు. అమ్మ మాట కోసం అదే డబ్బాలో ఆలివ్ కాయలు పెట్టి పంపుతున్నాను.

మిర్సిని నీ ఉత్తరం చూసి తల పట్టుకుంది. "అమ్మా, మామయ్యకి సరిగ్గా రాయి. ఆఫీసువాళ్ళు ఫలానా ప్రోగ్రాములోనే చేసి పంపమన్నారు. అది పచ్చ కంపెనీ కార్డుతోనే నడుస్తుంది. ఎర్రదాన్ని గుర్తే పట్టదు, మెమరీ ఎంతున్నా అనవసరం" అంది. పోనీ తనే నీకు ఫోను చేస్తానంది. ఈ ఇంట్లోంచి నీకు ఫోను పోతే పొయ్యి వెలిగించనన్నాను. రాయడానికి నేనున్నానుగా. అది చెప్పింది చెప్పినట్టు రాశాను.

ఇక నువ్వు మాట్లాడనన్న సంగతి నేను మాట్లాడతాను. మీ బావ అర్గిరిస్ పోయినరోజు ఆయన జట్టు పచ్చ కండువా శవపెట్టెలో పెడదామని ఇల్లంతా వెతికాను. దొరకలేదు. బీరువాలు, అటకలు, స్కూటరు డిక్కీ కూడా చూశాను. అది లేకుండా ఆయన్ని పంపాల్సి వస్తోందని కుమిలిపోతూ చర్చిలో నిలబడ్డాను. అప్పుడు నువ్వొచ్చావు. ఫాదరీ ప్రార్థన చదువుతుండగా, వోలోస్ సగం చూస్తుండగా, జేబులోంచి నీ ఎర్ర కండువా తీసి ఆయన చేతుల కింద దోపావు. ఎవరో ముసిముసిగా నవ్వడం నాకు వినపడింది. ముప్ఫై ఏళ్ళు ఆటలో ఆయన్ని ఏడిపించావు, సరే. చేతులు కదపలేని రోజు చూసి నెగ్గావు. దాన్ని నేను మరిచిపోను. నువ్వు ఎర్ర కార్డు అంటుంటే నాకు ఆ కండువాయే కనిపిస్తోంది.

పచ్చది కొను. మే నెలాఖరు అని మళ్ళీ రాస్తున్నాను.

పొలిక్సెని


పెరమా,
మట్టలాదివారానికి ముందు

అక్కకు,

చదివాను. ప్రోగ్రాము గుర్తుపట్టదట. మనుషులు చాలక కంప్యూటర్లు కూడా పనథినైకోస్‌లో చేరాయన్నమాట. ఈ ముక్క మొదటి ఉత్తరంలో ఎందుకు లేదు? మొదట "ఎర్రది నా గడప తొక్కకూడదు" అన్నావు. నేను లెక్క చూపించి ఎర్రదే మేలంటే, అప్పుడు ప్రోగ్రాము పుట్టుకొచ్చింది. ఇంకో ఉత్తరం రాస్తే బిషప్పు కూడా పచ్చదే కొనమన్నాడని రాస్తావు. నీ కక్ష నువ్వు తీర్చుకో, పిల్ల నోట్లో నీ మాటలు పెట్టకు.

నాతో పనిచేసే కోస్మాస్‌ని అడిగాను. "కార్డంటే కార్డేరా, తెరమీద బొమ్మ పడిందంటే చాలు" అన్నాడు. వాళ్ళ మేనల్లుడి దగ్గర సీలు విప్పని ఎర్ర కార్డు ఒకటి ఉంటే బేరమాడి తీసుకున్నాను. బిల్లు లేదు గాని ధర కలిసొచ్చింది.

కొవ్వొత్తికి ఏం కట్టాలన్నది జ్ఞానతండ్రి ఇష్టం. పేరు పెట్టినరోజు కూడా ఇలాగే చేశాను. నీ అత్తగారు తన పేరు స్తమతీయా పెట్టమని గుమ్మంలో కాచుకుని కూర్చుంది, నీకు ఆ పేరంటే ఏడుపు, ఆమెకి చెప్పే ధైర్యం లేదు. ఫాదరీ "పేరు?" అనగానే నేను "మిర్సిని" అన్నాను. తిట్లన్నీ నేను తిన్నాను. ఆరోజు నా మాట చెల్లినందుకు నువ్వు లోపలికెళ్ళి నా చెయ్యి ముద్దుపెట్టుకున్నావు. అప్పుడు నేను మంచివాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తుంది. కొవ్వొత్తి విరగకుండా డ్రైవరుని ముందు సీటు కింద పెట్టమన్నాను. రిబ్బను ఎరుపూ తెలుపూ.

సరాండిస్


వోలోస్,
ఈస్టర్ తరవాతి మంగళవారం

సరాండిస్‌కు,

ఈ పార్సిల్లో తిండి లేదు. పండగ తీపిరొట్టె లేదు, రంగు వేసిన ఎర్రగుడ్లు లేవు. నీ కార్డుంది, తీసుకో.

ఆదివారం మధ్యాహ్నం మాంసం ఇంకా నిప్పుల మీద ఉండగానే మిర్సిని కంప్యూటరు విప్పింది. కార్డు సరిగ్గా పట్టింది. ఫాను తిరిగింది. పక్కన ఎర్రదీపం కూడా వెలిగింది. ప్రోగ్రాము తెరిచేసరికి పనికొచ్చే కార్డేదీ ఇందులో లేదని వచ్చింది. మళ్ళీ విప్పింది, మళ్ళీ పెట్టింది. ఎవరెవరికో రాసి అడిగింది. సాయంత్రానికి స్క్రూలన్నీ సాసరులో పోసి నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, నువ్వు మామయ్యకి ఏమని రాశావు?" అంది. తను చెప్పిందే రాశానన్నాను. "ఇంకేం రాశావు?" అంది. చెప్పాను. "కండువా సంగతి ఎందుకు రాశావు? అది చదివాక ఆయన మిగతాది నమ్ముతాడా?" అని లేచి బయటికెళ్ళిపోయింది. పండగపూట ముద్ద ముట్టలేదు. నువ్వు చేసిన పనికి నా కూతురు నన్ను తప్పుపట్టింది. నీ కడుపు చల్లబడిందా?

పరీక్ష మానుకుంటున్నానని ఆఫీసుకి రాయడానికి కూర్చుంది. ఇంకా పంపలేదు. సారా కొట్టు యజమానిని వేసవి అంతా పని ఉంటుందా అని మాత్రం అడిగొచ్చింది. నేను రెండో కార్డు కొనలేనని నీకు తెలుసు. నువ్వు కొన్నది వాపసు తీసుకోరనీ తెలుసు, బిల్లు లేకుండా కొన్నానని గొప్పగా రాశావుగా.

ఇకనుంచి దానికి జ్ఞానతండ్రి లేడనుకుంటాం. నీ దగ్గరున్న నా డబ్బా కూడా నువ్వే ఉంచుకో. నాకు అక్కర్లేదు.

పొలిక్సెని


పెరమా,
మే మొదటివారం

అక్కకు,

తిట్టుకుంటూ అయినా చివరిదాకా చదువు.

కార్డు పట్టుకుని కోస్మాస్ మేనల్లుడి దగ్గరికెళ్ళాను. సీలు విప్పింది వెనక్కి తీసుకోనన్నాడు. కోస్మాస్‌తో ఇప్పుడు మాటల్లేవు. అప్పుడు మిర్సినికి ఫోను చేశాను. నా గొంతు నీ ఇంట్లో వినపడకూడదన్నావు, సారా కొట్లో వినపడకూడదని అనలేదు. "మామయ్యా, గిరాకీ ఉంది, తొందరగా చెప్పు" అంది. ప్రోగ్రాము సంగతి నిజమేనా అని అడిగాను. "నిజమే, అమ్మ రాసిందిగా" అంది. అదొక్కటే అంది. నువ్వు రాసే తిట్లన్నీ కలిపినా అంత తగల్లేదు.

ఆ ఆఫీసుకి ఇంకా రాయొద్దని బతిమాలి, ఇంటర్నెట్లో ప్రకటన వేశాను. కొత్త ఎర్ర కార్డు ఇస్తాను, పచ్చది వాడినదైనా సరే కావాలని. ఒకడు రమ్మన్నాడు. ఎక్కడికో తెలుసా? అంబెలోకిపికి, పనథినైకోస్ స్టేడియం గోడ పక్కకి. పనిలోంచి నేరుగా వెళ్ళాను, ఒంటిమీద ఒలింపియాకోస్ జాకెట్టు అలాగే ఉంది. తలుపు తీసినవాడు నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"పెరమా నుంచా?"

"అవును."

"ఆ జాకెట్టుతో ఈ వీధిలో నడిచొచ్చావా?"

"నడిచే వచ్చాను. కార్డు చూపిస్తావా, పొమ్మంటావా?"

"రా లోపలికి. మా కుక్క పచ్చదే గాని కరవదు."

లంబిస్ అతని పేరు. గోడలు, కర్టెన్లు, కాఫీ కప్పులు, అంతా పచ్చే. ఆటలు ఆడుకోవడానికి అతనికి మెమరీ ఎక్కువున్న ఎర్రది కావాలి, కొనే స్తోమత లేదు. కార్డు విప్పించి వాసన చూశాను, మాడిన వాసన లేదు. ఆ ప్రోగ్రాము ఎక్కించమన్నాను. మిర్సిని సారా కొట్టులోంచి ఫోనులో చెబుతుంటే అతను ఎక్కించాడు. గుర్తుపట్టింది. రెండు కాఫీలు తాగేంతసేపు దాన్ని వేడెక్కించి చూశాం, ఆగలేదు. దీన్లో మెమరీ తక్కువ. గోదాముని గదులుగా విడగొట్టి ఒక్కొక్కటే చేసుకుంటానని పిల్ల అంది. వచ్చేస్తుంటే లంబిస్, "అమ్మాయి గెలిస్తే మాకు చెప్పు, పచ్చ కార్డు మాది కదా" అన్నాడు. ఇలాంటి మాట పడి నోరు మూసుకుని రావడం నా జన్మలో మొదటిసారి.

కార్డు ఇందులో ఉంది. బస్సులో దెబ్బ తగలకుండా గుడ్డ చుట్టాను. ఆ గుడ్డ ఏదో విప్పితే నీకే తెలుస్తుంది.

నువ్వు వెతికిన కండువా అది. లారిస్సా ఆసుపత్రిలో బావ తన చేత్తో నాకిచ్చాడు. "ముందు పోయినవాడు రెండోవాడి రంగు వేసుకుని పోవాలి, ఉన్నవాడు పోయినవాడి కండువా ఇంట్లో పెట్టుకుని చచ్చేదాకా సిగ్గుపడాలి. ఒప్పుకుంటావా?" అన్నాడు. ఒప్పుకున్నాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు. తరవాత నా మణికట్టు పట్టుకుని, "పొలిక్సెనికి చెప్పకు. ఆగస్టు సెలవులకి పీలియో కొండమీద గది మాట్లాడుతోంది. మాట్లాడుకోనీ" అన్నాడు.

తను పోతున్నానని ఆయనకి తెలుసు అక్కా. ఆయనకి తెలుసన్న సంగతి నీకు తెలియకూడదన్నాడు. ఆ కండువా ఎందుకు పెట్టానో చెప్పాలంటే అదంతా చెప్పాలి. అందుకే రెండేళ్ళూ నీ తిట్లు తిన్నాను. నువ్వు జ్ఞానతండ్రి లేడన్నావు, అది మాత్రం తినలేకపోయాను.

ఎర్ర కార్డులో మెమరీ ఎక్కువన్న మాట ఇప్పటికీ నిజమే.

సరాండిస్


వోలోస్,
జూన్ పదిహేను

తమ్ముడూ,

నెలకి పైగా నేను రాయలేదని నీకు భయమేసుంటుంది. వెయ్యాల్సిందే.

ముందు పిల్ల సంగతి. కార్డు పనిచేసింది. గదులు విడగొట్టి చేస్తూ, నిద్ర మాని, నన్ను కూడా మాన్పించి, గడువుకి ముందురోజు పంపింది. గోదాము తలుపు తీసుకుని లోపలికెళ్తుంటే కిటికీల్లోంచి ఎండ నేలమీద పడుతుంది. నాకు ఆ బొమ్మల గురించి ఏమీ తెలియదు, కానీ నడుచుకుంటూ వెళ్ళాలనిపించింది. నిన్న ఫోనొచ్చింది. సెప్టెంబరు నుంచి ఉద్యోగంలో చేరమన్నారు. ఆ అంబెలోకిపి ఆయనకి చెప్పు, మాట ఇచ్చి వచ్చావుగా.

ఇప్పుడు నీ సంగతి. పార్సిలు వంటింట్లో విప్పాను. కండువా చివర నీలం దారంతో కుట్టు ఉంది. పచ్చదారం లేక నేను వేసిన కుట్టది. ఆరోజు దానికోసం ఆయన నాతో గంటసేపు పోట్లాడాడు. ఆ కుట్టు చూశాక ఇంక నీ ఉత్తరంలో అబద్ధం వెతకాల్సిన పని లేకపోయింది.

పీలియోలో గది మాట్లాడినరోజు నేను ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే ఉన్నాను. "సముద్రం కనపడే గది అడుగు" అన్నాడు. అడిగాను. ఉందన్నారు. "బాగుంది, అయితే అదే తీసుకో" అన్నాడు. తెలిసి అన్నాడన్నమాట. సరాండిస్, నీమీద కూడా నాకు ఎప్పుడూ రానంత కోపం ఆయన మీద వచ్చింది. రెండురోజులు ఆయన ఫొటోని గోడవైపు తిప్పి పెట్టాను. తరవాత తిప్పి, ఏడ్చాను. రెండేళ్ళుగా నువ్వు దోపిన ఎర్రగుడ్డని తిట్టుకుంటూ ఏడ్చాను గాని ఆయనకోసం ఏడవలేదు. అది ఇప్పుడు ఏడ్చాను.

నీకు క్షమాపణ చెబుతాననుకోకు. చెప్పాల్సినవాడివి చెప్పకుండా రెండేళ్ళు మొద్దులా కూర్చున్నావు. నా కూతురి నెలరోజుల పని పోగొట్టావు. కోస్మాస్ అనేవాడి మాట విన్నావు. ఇవన్నీ రాస్తుంటే చెయ్యి నొప్పెడుతోంది, ఇంకా సగం కూడా కాలేదు. ఇకమీదట ఉత్తరాలు వద్దు. ఫోను చెయ్యి. నిన్ను తిట్టడానికి కాగితం చాలడం లేదు.

నా డబ్బా నాకు తిరిగి కావాలి. ఖాళీగా పంపకు. చేపలు మాత్రం పెట్టకు.

ఈ పార్సిల్లో చెర్రీపళ్ళ పాకం ఉంది, ఈసారి పళ్ళకి అంటుకోదు. సీసాకి చుట్టింది మీ బావ కండువాయే. కుట్టిన చోట మళ్ళీ ఊడుతుంటే పచ్చదారంతో వేశాను. నా దగ్గరే ఉంచుకుందామని చాలా అనిపించింది. కానీ నీ దగ్గర ఉండాలన్నాడు కదా. బీరువాలో దాచకు. ఒలింపియాకోస్ వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు అందరికీ కనపడేలా గోడకి తగిలించి, ఆయన చెప్పినట్టే చచ్చేదాకా సిగ్గుపడు.

అక్క